మా బడి మాటేమిటి, టీచరమ్మా?

జూన్ 12న బడులు తెరిచిన దగ్గర్నుంచీ ఉత్తరాలు కట్టలుగా వస్తున్నాయి. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పాఠాలు చెప్పి, హెచ్ఎంగా రిటైరైనదాన్ని కాబట్టి ఆఫీసు గదిలో బల్లకు అటువైపు ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఇటువైపు నిలబడ్డ తల్లిదండ్రుల్లో చాలామంది చేతులు కట్టుకుని, గొంతు తగ్గించి అడుగుతారు. అది చూసినప్పుడల్లా నాకు మనసు కష్టంగా ఉండేది. సర్కారు బడిలో మన పిల్లలకు అందేది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, చట్టం రాసిచ్చినది. కాకపోతే నోటితో అడిగింది గాలికి పోతుంది. కాగితం మీద అడగండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఈసారి జవాబుల్లో ఈ మాట పదేపదే వస్తుంది, విసుక్కోకండి.

ప్రశ్న: మా బాబు ఆరో తరగతి దాకా ప్రైవేటు స్కూల్లో చదివాడు. మా ఆయన మంచం పట్టడంతో ఫీజు కట్టలేకపోయాం. బాకీ తీరిస్తేగాని టీసీ ఇవ్వమంటున్నారు. జడ్పీ హైస్కూలుకు వెళితే టీసీ తెచ్చాకే చేర్చుకుంటామన్నారు. బాబు ఇంట్లోనే కూర్చున్నాడు.
— ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: ముందు బాబును బడికి పంపండమ్మా, టీసీ తరవాత వస్తుంది. 2009 విద్యాహక్కు చట్టంలో ఐదో సెక్షన్ అచ్చం మీలాంటివాళ్ల కోసమే ఉంది. ప్రభుత్వ బడికో ఎయిడెడ్ బడికో మారాలనుకున్న పిల్లలకు పాత బడి హెడ్మాస్టరు వెంటనే టీసీ ఇవ్వాలి. టీసీ రావడం ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోవడం ఆలస్యం చేయకూడదు, కాదనకూడదు. టీసీ ఇవ్వకుండా తాత్సారం చేసినవారిమీద శాఖాపరమైన చర్య తీసుకోవచ్చని కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. పుట్టిన తేదీ రుజువు లేదని వెనక్కి పంపకూడదని పద్నాలుగో సెక్షన్ చెబుతుంది. చేరిక గడువు దాటిపోయిందన్న సాకు కూడా చెల్లదు, అది పదిహేనో సెక్షన్.

బాకీ లేదని నేననడం లేదు. అది మీకూ ఆ యాజమాన్యానికీ మధ్య ఉన్న డబ్బు వ్యవహారం. దానికి పిల్లవాడి చదువును తాకట్టు పెట్టుకునే అధికారం ఎవరికీ లేదు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. తెల్లకాగితం మీద హెచ్ఎంగారి పేర ఇలా రాయండి: 'మా అబ్బాయిని ఏడో తరగతిలో చేర్చుకోవలసిందిగా కోరుతున్నాను. పాత బడి టీసీ ఇవ్వలేదు. విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ ప్రకారం టీసీ లేకపోయినా చేర్చుకోగలరు.' రెండు కాపీలు రాయండి. ఒకటి వాళ్లకిచ్చి, రెండోదానిమీద బడి ముద్ర, తేదీ వేయించుకోండి. చాలా బళ్లలో ఆ ముద్ర పడగానే పని నడుస్తుంది. 'పైనుంచి ఆర్డరు లేదు' అని ఇంకా అంటే అదే కాపీ పట్టుకుని మండల విద్యాధికారి ఆఫీసుకు వెళ్లండి. ఆంధ్రాలో ప్రతి మండలానికీ ఎంఈఓలు ఇద్దరున్నారు, ఒకరు లేకపోతే ఒకరు దొరుకుతారు. అక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి.

ఇంకో చిక్కు ఆన్‌లైన్‌ది. ఇప్పుడు ప్రతి విద్యార్థికీ యూడైస్ ప్లస్ అనే బడుల ఆన్‌లైన్ రికార్డులో ఒక శాశ్వత నంబరు ఉంటోంది, పెన్ అంటున్నారు. పాత బడి ఆ పేరును వదిలితేనే కొత్త బడి తన జాబితాలో కలుపుకోగలదు. వాళ్లు వదలకపోతే ఎంఈఓ ఆఫీసు వెంటపడి చేయించాల్సింది కొత్త బడి హెచ్ఎంగారే, మీరు కాదు. పాత మార్కుల కాగితంమీదో ప్రోగ్రెస్ కార్డుమీదో పెన్ నంబరు ఉందేమో చూసి, రాసి ఇవ్వండి చాలు. ఆన్‌లైన్ పని తెమిలే దాకా పిల్లవాణ్ని తరగతిలో కూర్చోనివ్వకూడదన్న నిబంధన ఎక్కడా లేదు.

ఈ సెక్షన్ ఎనిమిదో తరగతి దాకానే. ప్రైవేటు బడి నుంచి రావాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లెవరైనా ఉంటే తొమ్మిదో తరగతికి వెళ్లకముందే తేల్చుకోండి.

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. బడి రిజిస్టర్ల 'నాగలక్ష్మి' అని, పుట్టిన తేదీ జూన్ 1 అని ఉన్నది. ఆధార్‌ల 'వెంకట నాగలక్ష్మి', ఆగస్టు 15 అని ఉన్నది. మున్సిపాలిటీ బర్త్ సర్టిఫికెట్‌ల అక్టోబర్ 23. అపార్ నంబర్ (విద్యార్థి గుర్తింపు నంబర్) వస్తలేదని సార్ అంటున్నడు. ఆధార్‌నే బడి తేదీకి మార్పియ్యమంటున్నరు.
— ఒక తండ్రి, మహబూబ్‌నగర్

జవాబు: ఆగండి. ఆధార్ సెంటరుకు ఇప్పుడే పోకండి. ఆధార్‌లో పుట్టిన తేదీని మామూలుగా ఒక్కసారే మార్చుకోనిస్తారు, పేరును రెండుసార్లు. ఉన్న ఆ ఒక్క అవకాశాన్నీ ఉత్తుత్తి జూన్ 1 కోసం ఖర్చు పెడితే రేపు పాస్‌పోర్టు దగ్గరో ఉద్యోగం దగ్గరో బర్త్ సర్టిఫికెట్ అడిగినప్పుడు దారి ఉండదు.

ఈ జూన్ ఒకటో తేదీలు ఎక్కడివో మీకు తెలిసే ఉంటుంది. ఊళ్లో పిల్లను చేర్చుకునే రోజు తల్లి 'వినాయక చవితి ముందర పుట్టింది' అంటుంది, సార్ ఐదేళ్లు నిండేలా లెక్కేసి బడి తెరిచే నెల రాస్తారు. ఆధార్‌లో ఆగస్టు 15 కూడా అట్లా పడిందే. మీ పాపకు ఆసుపత్రి నుంచి మున్సిపాలిటీకి వెళ్లిన అక్టోబర్ 23 ఉంది. అదే అసలు తేదీ. మిగతా రెండింటినీ దానికి సరిచేయించాలి.

వరస ఇది. మొదట బర్త్ సర్టిఫికెట్‌లో పాప పేరు ఉందో లేదో చూడండి. పుట్టినప్పుడు తీసినదైతే చాలావాటిలో 'ఆడ శిశువు' అని మాత్రమే ఉంటుంది. పేరు చేర్చుకోవడానికి పుట్టిన దగ్గర్నుంచి 15 ఏళ్ల గడువుంది, ఏడాది దాటితే ఆలస్య రుసుము కట్టాలి. మీ పాపకు ఆ గడువు దగ్గరపడుతోంది, కాబట్టి ఈ వారంలోనే ఆ పని చూడండి. పేరు ఏది ఉండాలో ఇంట్లో తేల్చుకుని, ఇంటిపేరు పూర్తిగా రాయాలా పొడి అక్షరమా అన్నది కూడా అప్పుడే నిర్ణయించుకోండి. తరవాత ఆ సర్టిఫికెట్‌తో బడిలో దరఖాస్తు ఇవ్వండి. ఒక అక్షరం తేడా అయితే హెచ్ఎం స్థాయిలో సరిపోతుంది. పుట్టిన తేదీ మారాలంటే పై అధికారి అనుమతి కావాలి, ఆ ఫైలు పంపాల్సింది బడే. చివరికి ఆధార్‌ను బర్త్ సర్టిఫికెట్‌కు సరిచేయించండి. మూడూ ఒక్కతీరుగా ఉంటే అపార్‌కు ఈ అడ్డు ఉండదు. పదిహేనేళ్లు నిండగానే వేలిముద్రలు, కనుపాపల అప్‌డేట్ ఎలాగూ తప్పనిసరి. 15–17 మధ్య అది ఉచితం, కాబట్టి డబ్బులడిగితే ఇవ్వకండి.

ఇదంతా పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా, వెళ్లకముందే జరగాలి. ఎందుకంత తొందర అంటారా? పదో తరగతి మెమోమీద పడ్డ పేరు, తేదీయే ఆ తరవాత ఎక్కడికెళ్లినా అడుగుతారు. మెమో అచ్చయ్యాక దిద్దించాలంటే హెచ్ఎం, డీఈఓ దాటి హైదరాబాదులో ప్రభుత్వ పరీక్షల డైరెక్టర్ ఆఫీసు దాకా కాగితం నడవాలి. నడవదని కాదు, చెప్పులు అరుగుతాయి.

నేను హెచ్ఎంగా ఉన్నప్పుడు నామినల్ రోల్స్ పంపే ముందు తల్లిదండ్రులను పిలిపించి వరండాలో కూర్చోబెట్టేదాన్ని. ఒక్కో పేరూ అక్షరం అక్షరం చదివి వినిపించేవాళ్లం: పిల్లపేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, చివరికి రెండు పుట్టుమచ్చలు. పుట్టుమచ్చల దగ్గరికొచ్చేసరికి పిల్లలు సిగ్గుపడి ఏదో ఒకటి చెప్పేస్తారు. తల్లి పక్కనుంటే 'ఎడమ చెవి వెనక ఉందమ్మా' అని సరిగా చూపిస్తుంది. ఒకామె, చదువు రాదు, కూతురి పేరును మూడుసార్లు చదివించుకుంది. మూడోసారి 'నా పేరు కూడా చదువమ్మా' అంది. ఆమె పేరులో ఒక అక్షరం తప్పుంది. అక్కడే దిద్దాం. మీ బడిలో ఇలా పిలవకపోతే మీరే వెళ్లి 'మా పాప వివరాలు ఒకసారి చూపించండి' అని అడగండి. చూపించడం వాళ్ల పని.

ప్రశ్న: మా మనవరాలు నాలుగో తరగతి. బడిల పప్పు నీళ్ల లెక్క ఉంటున్నదట. గుడ్డు వారానికి ఒక్కటే ఇస్తున్నరు. అడిగితే సార్లకు కోపమొస్తదేమోనని భయమైతున్నది.
— ఒక తాత, నల్గొండ జిల్లా

జవాబు: భయపడకండి. బళ్లలో వండిన అన్నం పెట్టాలన్నది 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు. తరవాత 2013 ఆహార భద్రతా చట్టం దాన్ని హక్కు చేసింది. ఐదో తరగతి లోపు పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె లెక్క. ఆరు నుంచి ఎనిమిది దాకా 150, 30, 75, 7.5 గ్రాములు. తెలంగాణలో వారానికి మూడు గుడ్లు, ఆంధ్రాలో ఐదు.

ఇంట్లో కూర్చుని మనవరాల్ని అడిగితే ఈ లెక్క తేలదు. ఒకరోజు పొద్దున పదింటికి, ఎసరు పెట్టేవేళకు బడికి వెళ్లండి. ఆ రోజు హాజరు ఎంతమందో అడగండి. అరవైమంది అనుకోండి: ఆరు కిలోల బియ్యం, కిలోంపావు పప్పుకు కాస్త తక్కువ, మూడు కిలోల కూరగాయలు, మూడొందల గ్రాముల నూనె. పప్పు గిన్నెలో పడకముందు చేతిలో పట్టి చూస్తేనే తెలుస్తుంది. ఉడికాక నీళ్లెన్ని, పప్పెంత అన్నది ఎవరూ తేల్చలేరు. పిల్లలకు వడ్డించే ముందు ఒక టీచరు, ఇంకొందరు పెద్దవాళ్లు రుచి చూడాలన్న నిబంధన కూడా ఉంది. 'ఇవాళ నేను రుచి చూస్తాను' అని మీరు కూర్చోండి. ఎవరూ కాదనలేరు.

వంట చేసే అక్కలమీద కోపం చూపించకండి, ఇది నేను గట్టిగా చెబుతున్నాను. వాళ్లలో చాలామంది కిరాణా కొట్లో అప్పు పెట్టి సరుకు తెస్తారు, బిల్లు ఎప్పుడో నెలల తరవాత వస్తుంది. వాళ్లకు గౌరవ వేతనం నెలకు 3,000, అదీ ఆలస్యమే. కొట్టువాడు అప్పివ్వడం ఆపితే పప్పు పలచబడుతుంది. అందుకే ముందు వాళ్లను 'బిల్లులు ఎన్ని నెలలవి రావాలి?' అని అడగండి. జవాబు విన్నాక మీరు రాసే అర్జీలో రెండు మాటలూ ఉండాలి: గుడ్డు వారానికి ఒకటే వస్తోందని, వంటవాళ్ల బిల్లులు ఇన్ని నెలలు ఆగిపోయాయని. ఎంఈఓకు ఇవ్వండి. అట్లా రాస్తే వంటమ్మలు కూడా మీ పక్కన నిలబడతారు.

అన్నం అసలే పెట్టని రోజులుంటే తేదీలు రాసి పెట్టుకోండి. వరసగా మూడు బడిరోజులుగాని, నెలలో ఐదు రోజులుగాని భోజనం ఆగితే బాధ్యులెవరో ప్రభుత్వం తేల్చాలని, ఆగిన రోజులకు పిల్లలకు ఆహార భద్రతా భత్యం ఇవ్వాలని నిబంధనలున్నాయి. తేదీలు లేని ఫిర్యాదుకు బలం ఉండదు.

ప్రశ్న: మేము ప్రతి ఏడూ సుగ్గికి గుంటూరు పక్క మిరపకోతకు పోతాం. పాప నాలుగో తరగతి. తీసుకపోతే ఇక్కడ పేరు కొట్టేస్తారంటారు. వదిలిపోదామంటే ఇంట్లో ముసలామె ఒక్కతే.
— ఒక తల్లి, కోసిగి మండలం

జవాబు: మీ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను తల్లీ. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పక్క మిరప సుగ్గి మొదలైతే తరగతి గదిలో వెనక బల్లలు ఎట్లా ఖాళీ అవుతాయో నాకు బాగా తెలుసు. మొదటి మాట: పేరు కొట్టేయడానికి వీల్లేదు. ఎనిమిదో తరగతి ముగిసేదాకా ఏ పిల్లనూ బడి నుంచి తీసేయకూడదని విద్యాహక్కు చట్టం పదహారో సెక్షన్ చెబుతోంది.

పాపను ఊళ్లోనే ఉంచే దారి సీజనల్ హాస్టల్. వలస వెళ్లేవాళ్ల పిల్లల కోసం బడిలోనే రాత్రి పడక, పొద్దున టిఫిను, రాత్రి అన్నం, చూసుకోవడానికి ఒక మనిషి ఉంటారు. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడుల పథకం నిధులతో నడుస్తుంది. అయితే అది అడిగిన ఊరికి మాత్రమే వస్తుంది. మిరపకోతలు మొదలయ్యాక అడిగితే మంజూరు కాగితం వచ్చేసరికి మీరు గుంటూరులో ఉంటారు. దసరా సెలవుల కన్నా ముందే మీ వీధిలో ఎన్ని ఇళ్లు సుగ్గికి పోతున్నాయో, ఎంతమంది పిల్లలో పేర్లు రాసి, స్కూలు కమిటీలో తీర్మానం చేయించి, హెచ్ఎంగారి ద్వారా ఎంఈఓకు పంపించండి. ఒక్క ఇల్లు అడిగితే ఎవరూ పట్టించుకోరు, ఇరవై ఇళ్ల సంతకాలుంటే జిల్లా ఆఫీసు దాకా పోతుంది. హాస్టల్‌లో ఆడపిల్లలు పడుకునే గదికి లోపల గడియ ఉందా, చూసుకునే మనిషి ఆడమనిషేనా, రాత్రి వెలుతురు ఉందా అన్నది మీ కళ్లతో చూశాకే పాపను వదలండి.

తీసుకుపోవాల్సి వస్తే అక్కడి బడిలో కూర్చోబెట్టండి. టీసీ, రికార్డు షీటు ఏదీ అక్కర్లేదు. ఇక్కడి హెచ్ఎంగారి దగ్గర 'ఈ పాప మా బడిలో నాలుగో తరగతి చదువుతోంది' అని ఒక చీటీ, పెన్ నంబరు రాయించుకుని వెళ్లండి. మేస్త్రీతో బయానా మాట్లాడుకునేటప్పుడే 'పొలానికి బడి ఎంత దూరం?' అని అడగండి. మీవాళ్లంతా ఒకే మాట మీదుంటే మేస్త్రీ బడికి దగ్గర పొలమే చూస్తాడు. పుస్తకాలు మాత్రం మూటలోనే ఉండాలి, ఊళ్లో వదిలిపెట్టకండి. తిరిగొచ్చాక పాపను కింది తరగతిలో వేస్తామంటే ఒప్పుకోవద్దు. వెనకబడిన పాఠాలు ప్రత్యేకంగా చెప్పించాల్సిన బాధ్యత బడిదే.

ప్రశ్న: తల్లికి వందనం డబ్బులు అందరికీ పడ్డాయి, నాకు పడలేదు. ఆధార్ బ్యాంకుకు లింకై ఉంది.
— ఒక తల్లి, మదనపల్లె

జవాబు: లింకవడం వేరు, ఎన్‌పీసీఐ మ్యాపింగ్ వేరు, దాన్నే డీబీటీ మ్యాపింగ్ అని కూడా అంటారు. ప్రభుత్వం పంపే డబ్బు మీ ఆధార్‌కు చివరిగా ఏ ఖాతా మ్యాప్ అయి ఉంటే దానిలోకే వెళుతుంది. ఎప్పుడో డ్వాక్రా కోసం తీసి మరిచిపోయిన ఖాతాలో పడి ఉండొచ్చు, ముందు అది చూడండి. లేకపోతే బ్యాంకుకెళ్లి 'ఈ ఖాతాకు డీబీటీ మ్యాపింగ్ చేయండి' అని ఫారం ఇవ్వండి. తరవాత మీ వార్డు సచివాలయంలో మీ పేరు అర్హుల జాబితాలో ఉందో, ఏ కారణంతో ఆపారో అడగండి. కారణం అక్కడి కంప్యూటర్లో కనిపిస్తుంది. 75 శాతం హాజరు లేదన్న కారణమైతే బడి హాజరు పట్టీతో సరిచూడమని హెచ్ఎంగారిని అడగండి. ఖాతాలో పడేది 13,000. మిగతా 2,000 బడి నిర్వహణకు పోతుంది. పూర్తి పదిహేను వేలు రాలేదని కొందరు రాస్తున్నారు, అది కోత కాదు.

ప్రశ్న: ఎన్ఎంఎంఎస్ పరీక్ష రాయిస్తే ఉపయోగముందా? మావాడు ఎనిమిదో తరగతి, చదువులో మధ్యరకం.
— ఒక తండ్రి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: రాయించండి. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12,000 చొప్పున నాలుగేళ్లు కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ వస్తుంది. ప్రభుత్వ, జడ్పీ, మున్సిపల్, ఎయిడెడ్ బడి పిల్లలకు మాత్రమే. హాస్టల్ ఉన్న గురుకులాలు, నవోదయ, కేంద్రీయ విద్యాలయాలవాళ్లకు లేదు. అంటే మీవాడు పోటీ పడేది తనలాంటి పిల్లలతోనే. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ ఎస్టీలకు 50.

ప్రశ్నలు 180. సగం మెంటల్ ఎబిలిటీ, సగం పాఠాలు. పాఠాల్లో సైన్సు 35, సోషల్ 35, లెక్కలు 20. మధ్యరకం పిల్లలు ముందుకొచ్చేది ఆ మొదటి సగంలోనే. అంకెల వరసలు, బొమ్మల పోలికలు రోజుకు అరగంట సాధన చేస్తే పట్టుబడతాయి. దానికి కోచింగ్ సెంటరు అక్కర్లేదు. దరఖాస్తు బడి ద్వారానే వెళ్లాలి, కాబట్టి ఆగస్టు నుంచే హెచ్ఎంగారిని అడుగుతూ ఉండండి. ఆదాయ, కుల ధ్రువపత్రాలు ముందే తీసి పెట్టండి.

ఎంపికయ్యాక చాలామంది రెండో ఏడు నుంచి డబ్బు పోగొట్టుకుంటున్నారు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ప్రతి ఏడూ రెన్యువల్ చేయాలి. గడువు దాటితే ఆ ఏడాది డబ్బు పోయినట్టే. పదో తరగతిలో 60 శాతం రావాలి, ఎస్సీ ఎస్టీలకు 55. పది తరవాత డిప్లొమాలో చేరితే ఇది ఆగిపోతుంది.

ప్రశ్న: నన్ను స్కూలు కమిటీలో వేశారు. పుస్తకం పంపి సంతకం పెట్టమంటారు, పెడతాను. బడిలో ఆడపిల్లల బాత్రూముకు గడియ లేదు, నీళ్లు రావు. మా పాప పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా ఉంటోంది. నేనేం చేయగలను?
— ఒక తల్లి, ఏలూరు జిల్లా

జవాబు: చేయగలిగింది చాలా ఉందమ్మా, ఎందుకంటే ఆ సంతకం మీది. విద్యాహక్కు చట్టం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలంది, అందరిలో సగం ఆడవాళ్లుండాలంది. బడికొచ్చే నిధుల ఖర్చు చూసే పని కమిటీకి ఇచ్చింది. చదవకుండా ఇక ఒక్క సంతకం పెట్టకండి. ఇంటికి పుస్తకం పంపితే 'మీటింగులో పెడతాను' అని తిప్పి పంపండి.

బడికి ఏటా సమగ్ర శిక్ష కింద కాంపోజిట్ గ్రాంటు ఉంటుంది. 30మంది లోపు పిల్లలుంటే 10,000, 100 లోపు 25,000, 250 లోపు 50,000, వెయ్యి లోపు 75,000, ఆపైన లక్ష. అందులో కనీసం పదో వంతు పారిశుద్ధ్యానికే పెట్టాలి. మీటింగులో రెండు ప్రశ్నలు అడగండి: ఈ ఏడు గ్రాంటు ఎంత వచ్చింది, బాత్రూములకు ఎంత పెట్టారు? జవాబును మినిట్స్ పుస్తకంలో రాయించండి. గడియకు ఎంతవుతుంది, ట్యాపుకు ఎంతవుతుంది అని ముందే ఊళ్లో మేస్త్రీని అడిగి, అంచనా రాసి తీసుకెళ్లండి. 'నిధులు లేవు' అన్న మాటకు చేతిలో ఆ చిన్న అంకె ఉంటే చాలు. డబ్బు ఇంకా రాలేదంటే ఆ సంగతి కూడా తీర్మానంగా రాసి ఎంఈఓకు పంపించండి.

ఈ మీటింగుకు ఒంటరిగా వెళ్లకండి. కమిటీలో ఉన్న ఇంకో ఇద్దరు తల్లుల్ని వెంటబెట్టుకుని, ముందు ఆ బాత్రూము తలుపు తీసి చూపించి, అప్పుడు మీటింగులో కూర్చోండి. పాప నీళ్లు తాగకుండా ఉండటం మాత్రం రేపటి నుంచే మానాలి. ఎండాకాలంలో అది మూత్ర వ్యాధికి దారి. గడియ పడేదాకా ఒక నేస్తాన్ని తలుపు దగ్గర నిలబెట్టి వెళ్లమని చెప్పండి, టీచరమ్మకూ ఒక మాట చెప్పండి.

ప్రశ్న: లెక్కల సారు మావాణ్ని బెత్తంతో కొట్టిండు, చెయ్యి వాసింది. 'కొడితేనే చదువొస్తది' అని ఊళ్లో అందరు అంటున్నరు.
— ఒక తల్లి, జగిత్యాల జిల్లా

జవాబు: నేను పనిచేసినన్నాళ్లూ పిల్లల చేతులు చూశానమ్మా, వాచిన చేత్తో ఎవడికీ లెక్క వచ్చింది లేదు. కొట్టడం, మానసికంగా వేధించడం రెండూ విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ ప్రకారం నిషేధం. వాపు తగ్గకముందే ఫోన్లో ఫొటో తీయండి, ఆసుపత్రిలో చూపించి చీటీ తీసుకోండి. హెచ్ఎంగారికి రాతపూర్వకంగా ఇవ్వండి. మళ్లీ జరిగితే 1098కి ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు. బాబు ఎదుట మాత్రం 'సారు కొట్టినా మంచికే' అనకండి.

ప్రశ్న: మా బాబుకు నడక కష్టం, మాట స్పష్టంగా రాదు. ఐదో తరగతి అయిపోయింది. హైస్కూల్లో 'ఇట్లాంటి పిల్లల్ని మేం చూసుకోలేం' అన్నారు.
— ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: ఆ మాట అనే హక్కు వాళ్లకు లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 18 ఏళ్లు నిండేదాకా ఉచిత చదువు హామీ ఇచ్చింది. మొదటి జవాబులో చెప్పిన దరఖాస్తే ఇవ్వండి, ఆ చట్టం పేరు కూడా కలపండి. ఇంటికి దగ్గర బడినీ ప్రత్యేక బడినీ ఎంచుకునే వీలు ఆ చట్టం మీకే ఇచ్చింది.

మీ మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో ఎంఈఓ ఆఫీసులో అడగండి. అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులు, ఐఈఆర్‌పీలు అంటారు, పిల్లలకు విడిగా నేర్పిస్తారు, ఫిజియోథెరపీ కూడా ఉంటుంది. కదలలేని పిల్లల ఇంటికే వారానికోసారి వచ్చి చెప్పే ఏర్పాటుంది. తోడు వచ్చేవాళ్లకూ, రాకపోకలకూ సమగ్ర శిక్ష కింద భత్యాలున్నాయి, వాటి దరఖాస్తు కూడా అక్కడే ఇవ్వాలి. హైస్కూలుకు ర్యాంపు లేకపోతే బాబు తరగతిని కింది అంతస్తుకు మార్చమని హెచ్ఎంగారిని అడగండి. దానికి పైసా ఖర్చు లేదు.

వైకల్యాన్ని ధ్రువపరిచే సదరం సర్టిఫికెట్ ఇంకా తీయకపోతే మీసేవలో అడిగి స్లాటు బుక్ చేసుకోండి. పదో తరగతిలో సహాయకుడితో రాయడం, అదనపు సమయం అన్నీ ఆ సర్టిఫికెట్ మీదే వస్తాయి. అప్పుడు పరుగులు పెట్టేకంటే ఇప్పుడే తీసి ఉంచండి. బాబు పేరు ఆధార్‌లో, బర్త్ సర్టిఫికెట్‌లో ఒకేలా ఉందో లేదో చూసుకున్నాకే స్లాటు తీసుకోండి. సదరంలో పేరు తప్పుపడితే మళ్లీ మొదటికొస్తుంది.